ఎర్రచుక్క కుర్చీ

ముందు పోయింది కుర్చీ. సమాధి సంగతి, సైన్యంలో పనిచేసిన నర్సు సంగతి, రోడ్డు పక్కన నిలబెట్టిన రాయి సంగతి అన్నీ ఆ తర్వాతివే. అయినా నా మటుకు నాకు ఇదంతా కుర్చీతోనే మొదలవుతుంది. ఆ వసంతంలో నేను మొట్టమొదట అనుమానపడింది దాని గురించే.

వర్జీనియాలో ఆష్‌బర్న్ దాటి పడమటికి వెళితే ఇంకా కొన్ని పొలాలు మిగిలి ఉన్న వైపు మా ఇల్లు. ఇళ్ళ ధరలు కుప్పకూలిన రోజులవి. ఉగాదికి మా ఇంట్లో తలా ఒక వంటకం తెచ్చే పొట్లక్ పెట్టాం. గరాజ్‌లో ఉన్న మడత కుర్చీలన్నీ బయటికి తీశాం. మా అమ్మ కాలంలో స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించేవారు. పక్కింటి పెళ్ళికి వెళ్ళిన గిన్నె తిరిగి మన వంటింటికి రావాలంటే అదొక్కటే దారి. ఇక్కడ చెక్కేవాడు దొరకడు కనక నా కుర్చీలన్నిటికీ వెనక కాలికి లోపలి వైపు ఎర్రటి నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టుకున్నాను. పొట్లక్ అయ్యాక సర్దుతుంటే ఒక కుర్చీ తగ్గింది.

నేను రిటైరైన పెథాలజిస్టుని. గాజుపలక మీద పరిచిన కణాలన్నీ బాగానే కనిపిస్తుంటే వాటిలో బాగా లేనిది ఏదో వెతికి పట్టుకోవడమే నా ఉద్యోగం. "నువ్వు హాస్పిటల్ నుంచి రిటైరయ్యావు గానీ అనుమానం నుంచి కాలేదు" అంటారు మా ఆయన. ఆయన సివిల్ ఇంజనీరు. నేను పది మాటలంటే ఆయన ఒకటి అంటారు, అదీ గుమ్మం దాటుతూ అంటారు.

కుర్చీ తీసుకెళ్ళింది ఎవరో నాకు వెంటనే తెలిసిపోయింది. మా గుడి కమిటీలో ఒకప్పుడు ట్రెజరర్‌గా ఉన్నాయన భార్య. మూలవిరాట్టు వెంకటేశ్వరస్వామా, శివుడా అన్న దగ్గర మొదలై, పొట్లక్‌లో ఎవరి పులిహోర ముందు వరసలో పెట్టారన్న దగ్గర తేలిన గొడవలో వాళ్ళు కమిటీలోంచి వెళ్ళిపోయి వేరే జట్టు కట్టారు. పండక్కి మాత్రం పిలవకపోతే బాగుండదని పిలిచాను. వచ్చారు, తిన్నారు, పెద్ద వ్యాన్‌లో వెళ్ళారు. ఆ వ్యాన్‌లో నా కుర్చీ ఉందని నేను ప్రమాణం చేసి చెప్పగలిగేదాన్ని.

"ఏవండీ, వాళ్ళింటికి వెళ్ళినప్పుడు కుర్చీల కాళ్ళు చూడండి" అన్నాను.

"పోనీలే, కుర్చీయే కదా" అన్నారాయన, బూట్లు వేసుకుంటూ.

ఆ బూట్ల సంగతి కూడా చెప్పాలి. మేం గుడి కోసం ఆరెకరాల నేల చూసి పెట్టాం. రోడ్డు పక్కన కొంత ఖాళీ, వెనక కొంత అడవి. అమ్మే రైతు కొడుకులు మాకు కొన్ని నెలలు గడువిచ్చారు. ఆ ప్రాంతంలో మురుగునీటి పైపులు లేవు. నేలలోకి నీళ్ళు ఎంత త్వరగా ఇంకుతాయో చూసుకుని గానీ ఏదీ కట్టకూడదు. ఆ పని మా ఆయన నెత్తిన వేసుకున్నారు. రోజూ పొద్దున బూట్లు వేసుకుని వెళ్ళేవారు, సాక్సుల నిండా అంటుడు గింజలతో వచ్చేవారు. ఆదివారం కూడా వెళ్ళడం నాకు కాస్త ఎబ్బెట్టుగా అనిపించింది. షుగర్ ఉంది కదా, నడక మంచిదే అని ఊరుకున్నాను.

నాకు ఆ గుడి కావాలి. దాచుకోవడం దేనికి, చాలా కావాలి. ముప్ఫై ఏళ్ళుగా మిడిల్ స్కూల్ జిమ్‌లో, బాస్కెట్‌బాల్ వలల కింద కల్యాణాలు చేసుకుని నాకు విసుగు పుట్టింది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు మాత్రం మొదటి నుంచీ ఒప్పుకోలేదు. కౌంటీ మీటింగ్‌లో లేచి నిలబడి ట్రాఫిక్ పెరుగుతుందన్నారు, పార్కింగ్ లైట్లకి నిద్ర పట్టదన్నారు. గుడి వద్దని మాత్రం ఒక్కరూ అనలేదు. అంత మర్యాదగా వద్దనడం నేను ఇంకెక్కడా చూడలేదు.

అలాంటప్పుడు మా మెయిల్‌బాక్స్‌లో ఒక కరపత్రం వచ్చింది. పైన జెండా. కింద, ‘మరచిపోయిన మన సైనికురాలిని గౌరవించుకుందాం’ అని. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో నర్సుగా పనిచేసిన ఒక నల్లజాతి స్త్రీ మన పక్కనే, గుర్తు కూడా లేని సమాధిలో ఉంది, ఆమెకో స్మారకశిల నిలబెడదాం, ఫైర్ స్టేషన్ హాల్లో సమావేశానికి రండి అని రాశారు. సమాధి ఎక్కడుందో చదివేసరికి నా కాఫీ చల్లారిపోయింది. మా ఆరెకరాల్లోనే, వెనక అడవిలో.

"చూశారా ఎంత తెలివో" అన్నాను మా ఆయనతో. "ట్రాఫిక్ పని చేయలేదు, ఇప్పుడు శవాన్ని తెచ్చారు."

ఆయన కరపత్రం తీసుకుని చివరిదాకా చదివి మడిచి బల్ల మీద పెట్టారు. ఆయన ఏమీ అనకపోవడం కొత్త కాదు కనక నేనూ పట్టించుకోలేదు.

మా బేస్‌మెంట్‌లోనే కమిటీ అత్యవసరంగా కూర్చుంది. ప్రెసిడెంట్ గారు గుండె డాక్టరు. అగ్గి మీద గుగ్గిలం అవుతున్నారు.

"ఇన్నేళ్ళుగా వీళ్ళకి ఆ సమాధి గురించి తెలీదు. మనం అప్లికేషన్ ఫైల్ చేయగానే ఎలా తెలిసింది? మనవాళ్ళే ఎవరో ఉప్పందించారు. సమాధి ఉన్న చోట మనవాళ్ళు గుడి కట్టరని తెలిసినవాడే చెప్పుంటాడు."

అందరికీ ఒకే పేరు తట్టింది. ఎవరూ పైకి అనలేదు. నేనన్నాను. "ఇంకెవరు, మన పాత ట్రెజరర్ గారే. మా కుర్చీ కూడా వాళ్ళింట్లోనే ఉంది."

ఇండియాలో ఉన్న ఆగమ పండితులవారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. ఆలయం కట్టే నేలలో ఎముక ఉంటే అది శల్యదోషం, పనికిరాదు అన్నారాయన. అందరం నీరుగారిపోయాం. అంతలో ఆయనే, దాన్ని జాగ్రత్తగా తీయించి, నేల తవ్వించి శుద్ధి చేయిస్తే దోషం పోతుందన్నారు. గదిలోకి గాలి వచ్చినట్టయింది. కోర్టు అనుమతి ఉంటే ఇక్కడ సమాధిని వేరే చోటికి మార్చవచ్చునని ప్రెసిడెంట్ గారు అప్పటికే లాయర్‌ని కనుక్కున్నారు. చనిపోయినావిడ మేనకోడలు ఒకరు ఆ నేలని ఆనుకునే ఉంటున్నారు. ఆవిడ సంతకం పెడితే పని సులువు.

"మేడమ్, మీరు వెళ్ళి మాట్లాడండి. లేడీ, పైగా డాక్టర్. కాదనలేరు" అన్నారు నాతో.

సరేనన్నాను. సంతకం కంటే ముందు నాకు కావలసింది వేరే ఉంది. అక్కడ నిజంగా సమాధి ఉందా లేదా చూడాలి. మా ఆయన మెట్ల దగ్గర నిలబడి ప్లాస్టిక్ కప్పులు ఒకదాంట్లో ఒకటి పేరుస్తున్నారు. "నువ్వు వెళ్ళకపోతేనే మంచిది" అన్నారు మెల్లగా. ఎందుకని అడిగితే, "నువ్వు ప్రశ్నలు ఎక్కువ అడుగుతావు" అన్నారు.

మేనకోడలనగానే నేను ఎవరో చిన్నావిడని ఊహించుకున్నాను. తలుపు తీసినావిడకి నాకంటే పదేళ్ళు ఎక్కువే ఉంటాయి. ఫోన్ కంపెనీలో సూపర్‌వైజర్‌గా రిటైరయ్యారట. ఇస్త్రీ చేసిన చొక్కా, మెడలో సన్నటి గొలుసు. దోమతెర తలుపు గొళ్ళెం మాత్రం తీయలేదు. నేను అలవాటుగా వరండాలో చెప్పులు విప్పాను. ఆవిడ నా కాళ్ళకేసి చూసింది.

"మీరంతా చెప్పులు విప్పేస్తారా?" అంది.

మీరంతా అంటే ఎవరు? నాకంటే ముందు చెప్పులు విప్పినవాళ్ళు ఎవరో ఈ గుమ్మంలోకి వచ్చారన్నమాట. పాత ట్రెజరర్ మీద నా అనుమానం గట్టిపడిపోయింది.

నేను ఎవరినో చెప్పాను. గుడి గురించి చెప్పాను. ఆవిడ అంతా విని, తలుపు తీసి, తనే బయటికి వచ్చి వరండాలో కూర్చుంది. నన్ను లోపలికి పిలవలేదు.

"వాళ్ళు రాయి పెడతామని వచ్చారు. మీరు ఏం పెడతామని వచ్చారు?"

"మీ మేనత్త గారి గురించి తెలుసుకుందామని" అన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

అయినా చెప్పింది. కథ చెప్పినట్టు కాదు, కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు. వాళ్ళ మేనత్త యుద్ధంలో నర్సుగా చేరితే, తెల్ల అమెరికన్ సైనికులని ముట్టుకోనివ్వలేదు. పట్టుబడ్డ జర్మన్ ఖైదీలున్న క్యాంపు ఆస్పత్రికి పంపారు. ఆ ఖైదీలు తెల్లవాళ్ళతో కలిసి కూర్చుని తిన్న భోజనశాలలోకి యూనిఫాంలో ఉన్న ఈవిడని రానివ్వలేదు. వాళ్ళ పుళ్ళు కడిగి, జ్వరాలు చూసి, తన పళ్ళెం వేరే గదికి పట్టుకెళ్ళి తినేది. తిరిగి వచ్చాక ఈ చుట్టుపక్కల ఆస్పత్రిలో నల్లవాళ్ళ వార్డు భూగృహంలో ఉండేది. రిటైరయ్యేదాకా అందులోనే చేసింది. పోయాక తన తల్లి పక్కనే పడుకోబెట్టారు. అప్పట్లో ఆ అడవిలో ఎవరి సమాధికీ చెక్కిన రాయి లేదు. పొలంలో దొరికిన రాయి నిలబెట్టేవారు, అంతే.

నేనూ ఈ దేశంలో మొదట భూగృహంలోనే పనిచేశాను. పెథాలజీ లాబులు ఎప్పుడూ కిందే ఉంటాయి. ఆ మాట నోటి దాకా వచ్చింది. రెండూ ఒకటి కాదని నాకే తోచి మింగేశాను.

"వాళ్ళు ఆ కాగితంలో మరచిపోయిన సైనికురాలు అని రాశారు" అంది ఆవిడ. "ఎవరు మరిచిపోయారు? నేను ప్రతి ఆదివారం వెళ్తాను. నాకంటే ముందు మా అమ్మ వెళ్ళేది. వాళ్ళకి తెలియకపోవడాన్ని మరపు అంటారా? ఆ మాట రాతి మీద చెక్కితే నేను ఆ రాయి దగ్గరికి రాను."

నా కళ్ళలోకి సూటిగా చూసింది. "మీరు ఆమెని తవ్వితీస్తారా?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎంతమందికో చేదు కబురు తిన్నగా రాసి ఇచ్చినదాన్ని. ఆ ప్రశ్నకి చూపు తిప్పుకుని, విప్పిన చెప్పులు సరిగా జతచేసి పెట్టాను. ఆవిడ తలాడించింది, నేనేదో చెప్పినట్టే.

"ఒకసారి ఆ చోటు చూడొచ్చా?" అని అడిగాను.

"వద్దు. మీవి కొలతలు తీసుకునే కళ్ళు" అంది.

కారులో కూర్చున్నాక ఒళ్ళు మండింది. ఆవిడ అన్నది నిజమని కూడా తెలుసు. అందుకే ఇంకా మండింది. ఇంటికొచ్చి కమిటీకి ఫోన్ చేసి సంతకం పెట్టదని చెప్పాను. పెట్టకపోయినా కోర్టు ఉంది కదా అన్నారు ప్రెసిడెంట్ గారు. "అంత తొందరెందుకండీ, చూద్దాం" అన్నాను. అలా ఎందుకన్నానో నాకే తెలీదు.

ఫైర్ స్టేషన్ హాల్లో సమావేశానికి మా వాళ్ళెవరూ రామన్నారు. నేను వెళ్ళాను. వెనక వరసలో, తలుపు పక్కన కూర్చున్నాను. దీన్ని నడిపిస్తున్నది రిటైరైన ఒక స్కూలు టీచరు, పొట్టిగా, నెరిసిన జుట్టుతో, చేతికి సుద్ద అంటుకున్నట్టు వేళ్ళు దులుపుకునే అలవాటు ఉన్నావిడ. కౌంటీ మీటింగ్‌లో పార్కింగ్ లైట్లకి నిద్ర పట్టదన్న పెద్దమనిషి ఇక్కడ లేచి, ఆ నర్సు త్యాగం గురించి చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. రుమాలు తడిసిందో లేదో చూడాలని మెడ చాచాను. అంత దూరం నుంచి కనపడలేదు.

ప్రశ్నలేమైనా ఉన్నాయా అని టీచరమ్మ అడిగింది. లేచాను.

"మీరందరూ ఇక్కడ ఇరవై, ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నారు. ఆమె అక్కడ ఉందని మీకెప్పుడు తెలిసింది?"

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. అందరికీ నేనెవరో తెలుసు. టీచరమ్మ వేళ్ళు దులుపుకుంది.

"ఈ వసంతంలోనే. ఒకాయన వచ్చి చెప్పాడు."

"ఎవరు?"

"తన పేరు చెప్పవద్దని మాట తీసుకున్నాడు."

ఒకాయన. అంటే మగవాడు. చెప్పులు విప్పే మగవాడు. ఇక నాకు సందేహం లేకపోయింది. ఆ కోపంలోనే ఇంకో మాట కూడా అనేశాను. మంచితనంతో అనలేదు, వాళ్ళని ఇరుకున పెడదామనే అన్నాను. "ఆమె మేనకోడలు ప్రతి ఆదివారం సమాధి దగ్గరికి వెళ్తుంది. మరచిపోయిన అని చెక్కితే తను రానంది. మీరు ఆమెని అడిగారా?"

టీచరమ్మ ముఖం ఎర్రబడింది. "రాయి గురించి అడిగాను. మాట గురించి అడగలేదు" అంది. రుమాలు పెద్దమనిషి, అప్పటికే ముద్రించిన కరపత్రాలన్నిటిలో ఆ మాటే ఉందని అడ్డుపడ్డాడు. నాకు తృప్తిగా అనిపించింది. వాళ్ళ రంగు బయటపడింది, మాట మార్చరు, మేనకోడలు రాదు, నాటకం నాటకంగానే మిగులుతుంది అనుకుంటూ ఇంటికొచ్చాను.

తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. టీచరమ్మ జట్టు కౌంటీకి అర్జీ పెట్టింది. అడవిలో ఉన్నది పాత శ్మశానమేనని కౌంటీవాళ్ళు గుర్తించి, ఆ భాగంలో ఎవరూ పలుగు వేయకూడదన్నారు. అది పోగా మిగిలిన నేలలో నీళ్ళు సరిగా ఇంకడం లేదని మా ఆయనే రిపోర్ట్ ఇచ్చారు. గడువు ముగిసింది, కమిటీ వదులుకుంది. డేటా సెంటర్ల పక్కన ఒక గోడౌన్ అద్దెకి తీసుకుని అందులోనే స్వామిని పెట్టాం. పక్క గోడలోంచి పెద్ద ఫ్యాన్ల హోరు. సుప్రభాతం ఆ హోరులోనే వినాలి. మొదటి రోజు హారతి కళ్ళకద్దుకుంటూ కూడా పాత ట్రెజరర్‌ని తిట్టుకున్నాను.

మే నెల చివర, యుద్ధాల్లో పోయిన సైనికులని తలుచుకునే మెమోరియల్ డే నాడు, రాయిని ఆవిష్కరించారు. నేను రానన్నాను. మా ఆయన టై కట్టుకుని వంటింట్లోకి వచ్చి నిలబడ్డారు. మా పిల్లల గ్రాడ్యుయేషన్లకి కూడా బతిమాలితే గానీ టై కట్టని మనిషి.

"రా. చూసొద్దాం" అన్నారు.

ఆ మాట చెక్కారో లేదో చూడ్డానికైనా వెళ్దామని బయల్దేరాను. రోడ్డు పక్కన చిన్న జెండాలు గుచ్చారు. మిలిటరీ టోపీలు పెట్టుకున్న ముసలాళ్ళు, స్కూలు బ్యాండు పిల్లలు, నిమ్మరసం బల్ల. చర్చి నుంచి వచ్చిన నల్లవాళ్ళు కొందరు చెట్టు నీడన ఒక పక్కగా నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళనీ ఎగాదిగా చూస్తున్నారు. నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని నాకు కాస్త ఊరట కలిగింది. మేనకోడలు ఎక్కడా కనిపించలేదు.

రుమాలు పెద్దమనిషే అందరికంటే ఎక్కువసేపు మాట్లాడాడు. టీచరమ్మ మాట్లాడలేదు. రాయి మీది గుడ్డ మాత్రం లాగింది. నేను ముందుకి తోసుకుంటూ వెళ్ళి చదివాను. పేరు. సైన్యంలో హోదా. నర్సు అన్న మాట. పుట్టిన ఏడు, పోయిన ఏడు. అంతే. మరచిపోయిన అన్న మాట లేదు. ఎక్కడైనా మూలన చిన్న అక్షరాల్లో ఉందేమోనని వెనక్కి తిరిగి కూడా చూశాను. వెనక నున్నటి రాయి తప్ప ఏమీ లేదు.

"ఆమె కోసం ముందు సీటు ఉంచాను" అంది టీచరమ్మ నా పక్కకి వచ్చి. "మాట తీసేశానని చెప్పాను కూడా. చూద్దాం అంది. రాలేదు." ఆ గొంతు విన్నాక ఈవిడ మీద అనుమానం నిలబెట్టుకోవడం నాకు కష్టమైంది. మిగతా వాళ్ళ సంగతి నాకు ఇప్పటికీ తెలీదు. వాళ్ళు ఆ నర్సుని గౌరవించారా, మా పార్కింగ్ లైట్లని ఆపారా? రెండూ అయ్యుండొచ్చు. ఆ పెద్దమనిషి రుమాలు నిజంగానే తడిసి ఉండొచ్చు.

పక్కకి తిరిగి చూస్తే మా ఆయన లేరు.

నిమ్మరసం బల్ల దగ్గర లేరు, కారులో లేరు. పొలం అంచున గడ్డి నలిగి ఏర్పడ్డ సన్నటి కాలిబాట కనిపించింది. ఒక్కరో ఇద్దరో రోజూ నడిస్తేనే ఏర్పడే బాట. అది అడవిలోకి పోతోంది. దాని వెంట నడిచాను. కాస్త లోపలికి వెళ్ళేసరికి దేవదారు చెట్ల కింద నేలంతా ముదురాకుపచ్చ తీగ, మధ్యమధ్య మన బిళ్ళగన్నేరు లాంటి ఊదా పువ్వులు. ఆ తీగలో అక్కడక్కడ మోకాలెత్తు రాళ్ళు. చెక్కనివి, పేర్లు లేనివి. ఇక్కడ నిజంగా సమాధి ఉందా అని వెతికిన నా కళ్ళకి ఒకటి కాదు, చాలా కనిపించాయి.

ఒక రాయి ముందు మేనకోడలు తన కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె పక్కన ఇంకో మడత కుర్చీ. అందులో మా ఆయన. బూట్లు, సాక్సులు విప్పి ఒక పక్కన పెట్టుకుని, ఉత్త పాదాలు తీగ మీద ఆనించి, టైతో కూర్చుని ఉన్నారు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. ఆ కుర్చీ వెనక కాలికి లోపలి వైపు ఎర్రచుక్క.

పాత ట్రెజరర్, ఆయన భార్య, వాళ్ళ వ్యాను, నేను బేస్‌మెంట్‌లో అందరి ముందూ అన్న మాట, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"మీరేనా?" అన్నాను.

"నేనే" అన్నారు. లేవలేదు.

"నీళ్ళు ఇంకడం లేదన్నారే, అదీ?"

"అది నిజమే. ఈ పక్కంతా బంకమట్టి. ఇది మాత్రం నేను తవ్వి చూళ్ళేదు." మేనకోడలి వైపు చూశారు. "మొదటిసారి సాయిల్ చూడ్డానికి వచ్చినప్పుడు ఈవిడ ఇక్కడ ఎండుటాకులు ఏరుతున్నారు. నేను గొయ్యి తవ్వబోతుంటే, ‘అక్కడ మా నానమ్మ ఉంది’ అన్నారు. అంతే అన్నారు. పార పక్కన పెట్టేశాను. మర్నాడు ఊరికే వచ్చాను."

"కమిటీలో చెప్పొచ్చుగా?"

"చెప్తే ఓటింగ్ పెడతారు. సమాధి మీద ఓటింగ్ ఏంటి?"

"పోనీ నాకు?"

ఆయన పాదాలకేసి చూసుకున్నారు. "నీకు చెప్తే విచారణ పెడతావు. ఎవరావిడ, రోజూ అక్కడ మీకేం పని, ఏం మాట్లాడుకుంటారు అని. నేను చెప్పడానికి ఏమీ లేదు. కూర్చుంటాను, వస్తాను. అది నీకు చెప్తే నమ్మవు కదా."

నమ్మేదాన్ని కాదు. నాకు ఏడుపొచ్చింది. సమాధిని చూసి కాదు. ఇంటిదొంగ కోసం ఊరంతా వెతికినందుకూ కాదు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఈ మనిషి తన బతుకులోకెల్లా మంచి పని చేసి, దాన్ని నా దగ్గర తప్పులా దాచుకోవాల్సి వచ్చినందుకు.

మేము తెలుగులో మాట్లాడుకున్నంతసేపూ మేనకోడలు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. భాష రాకపోయినా ఆ గొడవ ఏ రకందో ఆమెకి అర్థమైనట్టే ఉంది. అప్పుడు నాకేసి తిరిగింది.

"ఆ మాట చెక్కారా?"

"లేదు" అన్నాను. "పేరు, హోదా, నర్సు. అంతే. వెనక కూడా చూశాను."

"వెనక కూడా చూశారా?" అంది. మొదటిసారి ఆమె పెదాలు కదిలాయి, నవ్వుకి కాస్త ఇవతలే. "నేను ఎవరినైనా పంపి చూడమనాలనుకున్నదీ అదే."

ఆమె లేచి నిలబడింది. ఒక చేత్తో రాయి పట్టుకుని, ఇంకో చేత్తో చొక్కా సర్దుకుంది. రోడ్డు వైపు నుంచి బ్యాండు పిల్లలు వాయిస్తున్నది వినపడుతోంది.

"ఇక నేను వెళ్ళి చూస్తాను" అంది. తర్వాత తన కుర్చీ చూపించి, "నేనొచ్చేదాకా మా అత్తని ఒంటరిగా వదలొద్దు. కూర్చోండి" అంది నాతో.

నేను చెప్పులు విప్పాను. తీగ చల్లగా తగిలింది. ఆమె బాట వెంట రోడ్డు వైపు మెల్లగా నడిచి వెళ్ళింది. ఆ నర్సు దేనితో పోయింది, ఆఖర్న బాధపడిందా అని అడగాలనిపించే ప్రశ్నలన్నీ నా నోట్లో వరసగా నిలబడ్డాయి. పక్కన ఎర్రచుక్క కుర్చీలో మా ఆయన, నేను మొదలుపెడతానని ఎదురుచూస్తూ, భుజాలు బిగించుకుని కూర్చున్నారు.

నేను ఏమీ అడగలేదు. చాలాసేపటికి ఆయన భుజాలు దిగాయి.